హాజరు పట్టీకి వెలుపల: తెలుగునాట స్వయంఅధ్యయన పట్టాల చరిత్ర

వ్యాససంగ్రహం

కళాశాల తరగతిలో కూర్చోకుండా సొంతంగా చదివి, పరీక్ష రాసి పట్టా పొందే పద్ధతి తెలుగువారికి 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయంతోనే పరిచయమైందన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఈ పద్ధతి అంతకు శతాబ్దం ముందు నుంచే ఉందనీ, కాలక్రమంలో మారినది పరీక్షాస్వభావం కంటే పరీక్షకు కూర్చొనే అర్హత ఎవరిదన్న నిర్ణయమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గిడుగు రామమూర్తి, కొమర్రాజు లక్ష్మణరావు, భండారు అచ్చమాంబ, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ల విద్యాజీవితాలను ఇందుకు ఆధారంగా తీసుకొంటుంది. కళాశాలలకు దూరంగా ఉన్న ముసునూరు ప్రాంతాన్ని పరిశీలనాస్థానంగా ఎంచుకొంటుంది.

కీలకపదాలు: ప్రైవేటు అభ్యర్థి, మద్రాసు విశ్వవిద్యాలయం, 1904 చట్టం, భాషాప్రవీణ, బెనారసు మెట్రిక్, సార్వత్రిక విశ్వవిద్యాలయం, ముసునూరు.

ఉపోద్ఘాతం

ముసునూరు నూజివీడు మామిడి తోటల సీమలోని మండల కేంద్రం. నిన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో నూజివీడుతోపాటు ఏలూరు జిల్లాలో చేరింది. విద్యాచరిత్ర రాసేవారు ఇటువంటి ఊరిని ఎంచుకోరు. రాజమహేంద్రవరం, మచిలీపట్నం, విజయనగరం, వాల్తేరు అన్న పేర్ల చుట్టూనే మన ఉన్నతవిద్యా చరిత్ర తిరుగుతుంది. కళాశాల ఉన్న ఊరి నుంచి చూస్తే కళాశాల చరిత్రే కనిపించడం సహజం. కళాశాల లేని ఊరి నుంచి చూస్తే ఏం కనిపిస్తుందన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

1930ల ఆరంభంలో ముసునూరు నుంచి పట్టా చదువుకు బయలుదేరే యువకుడికి కృష్ణా జిల్లాలో మచిలీపట్నమే గతి. రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల కాలక్రమాన కళాశాలగా ఎదిగింది అక్కడే. బెజవాడలో నూజివీడు జమీందారీ వంశీకులైన రంగయ్యప్పారావు పేరు మోస్తున్న ఎస్.ఆర్.ఆర్. కళాశాల 1937లో వచ్చింది. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945లో వెలసింది. నూజివీడు పట్టణంలోనే ధర్మ అప్పారావు కళాశాల ఏర్పడింది స్వాతంత్ర్యానంతర కాలంలో. అంటే ఈ ప్రాంతంలో రెండు మూడు తరాలవారికి డిగ్రీ చదవడమంటే ఊరు విడిచి, హోటలు భోజనమో వారాల భోజనమో చూసుకొని పరాయి పట్నంలో నాలుగేళ్ళు గడపడం. తోట ఉన్న ఇంట్లో ఇది మరీ కష్టం. పుష్యమాఘాల్లో పూత, ఆపైన పిందె, ఎండాకాలం నడినెత్తికి వచ్చేసరికి కోత. వార్షిక పరీక్షల కాలమూ మామిడి కోతల కాలమూ దాదాపు ఒకటే. కావలికీ కోతకూ ఇంటి మనిషి కావలసిన రోజుల్లోనే విద్యార్థి కూడా తరగతిలో కావలసి వస్తాడు.

ఈ సందిగ్ధానికి ప్రజలు కనిపెట్టిన పరిష్కారం వాడుకభాషలోనే నిక్షిప్తమై ఉంది. ‘మెట్రిక్ ప్రైవేటుగా కట్టాడు’, ‘పెళ్ళయ్యాక బి.ఎ. కట్టింది’ అంటాం. ఇక్కడ ‘కట్టడం’ పరీక్ష రుసుము చెల్లించడం. చదువు సంగతి ఆ క్రియలో ఊసైనా లేదు. చదువు అభ్యర్థి సొంత వ్యవహారం, విశ్వవిద్యాలయంతో అతని సంబంధం రుసుముతో మొదలై ఫలితాల ప్రకటనతో ముగుస్తుంది. ‘ప్రైవేటు’ అన్న మాట కూడా గమనార్హం. ఇంటికి పంతులును పిలిపించి ‘ప్రైవేటు చెప్పించుకోవడం’ ఒక అర్థం, ఏ పంతులూ లేకుండా పరీక్షకు కూర్చోవడం దానికి పూర్తిగా విరుద్ధమైన అర్థం. రెండింటినీ ఒకే మాటతో వ్యవహరించడానికి మనకెప్పుడూ ఇబ్బంది కలగలేదు. పదేపదే తప్పి మళ్ళీ కట్టేవారి ప్రయత్నాన్ని ‘దండయాత్ర’ అనడంలో వెక్కిరింత ఉన్నా, కొంత గౌరవం కూడా లేకపోలేదు.

పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయం

1857 సెప్టెంబరులో చట్టబద్ధమైన మద్రాసు విశ్వవిద్యాలయం బోధనాసంస్థగా పుట్టలేదు. దాని నమూనా లండను విశ్వవిద్యాలయం. పాఠాలు చెప్పడం అనుబంధ కళాశాలల పని. పాఠ్యప్రణాళిక నిర్ణయించడం, పరీక్ష నిర్వహించడం, పట్టా ప్రదానం చేయడం విశ్వవిద్యాలయం పని. లండను విశ్వవిద్యాలయం 1858 నాటికి మరో అడుగు ముందుకు వేసి, ఏ కళాశాలలోనూ చదవని వారికి కూడా తన పరీక్షల్లో చాలావాటిని తెరిచింది. మద్రాసు అంత దూరం పోలేదు. అయినా బోధనకూ పరీక్షకూ మధ్య సంస్థాగతమైన ఎడం ఉన్నచోట, ఆ ఎడంలోంచి నడిచి వెళ్ళేవారు ఎప్పుడూ ఉంటారు. వారిలో అగ్రగణ్యులు ఉద్యోగంలో ఉన్న బడిపంతుళ్ళు.

తెలుగు పాఠకుడికి ఈ వర్గంలో అందరికంటె పరిచితుడు గిడుగు వేంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఆయనను తలచుకొంటాం కాని, ఆయన పట్టా చరిత్రను అంతగా పట్టించుకోం. 1879లో మెట్రిక్యులేషను ఉత్తీర్ణుడై, మరుసటి సంవత్సరం ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించడానికి చేరాడు. తండ్రి అప్పటికే గతించాడు. వివాహమైంది. కళాశాలకు పోయే అవకాశం లేదు. అక్కడి నుండే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ. పరీక్ష గెలిచాడు. బి.ఎ. చేతికి రావడానికి సుమారు మరో పదేళ్ళు పట్టింది. బడిలో ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు విజయనగరం మహారాజా కళాశాలలో చదివి అదే 1886లో బి.ఎ. పట్టభద్రుడయ్యాడు. ఒకే బడి నుంచి బయలుదేరిన ఇద్దరు ప్రతిభావంతులలో కళాశాలకు పోగలిగినవాడికీ పోలేనివాడికీ మధ్య ఏర్పడిన అంతరం దాదాపు దశాబ్దం. స్వయంఅధ్యయనం చౌక అని మనం తేలికగా అంటుంటాం. డబ్బులో చౌక కావచ్చు, ఆయుర్దాయంలో కాదు.

ఆ పదేళ్ళు వ్యర్థమయ్యాయనీ అనలేం. గురువు లేకుండా పుస్తకంతో తలపడడం గిడుగుకు ఒక పనితీరుగా స్థిరపడింది. ముఖలింగ దేవాలయంలోని శాసనాల లిపిని పుస్తకాల సాయంతో తనకు తానే చదవడం నేర్చుకొన్నాడు. సవర భాషను కూడా బడిలో ఎవరూ నేర్పలేదు, ఆ భాష మాట్లాడేవారి నుంచే నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేశాడు. 1913లో ఆయన వెలువరించిన ఆధునికాంధ్ర భాషా విజ్ఞాపనాన్ని ఈ నేపథ్యంలో మళ్ళీ చదవవలసి ఉంది. అప్పటి వివాదం పరీక్షలో వ్యాసరచన గ్రాంథికంలో ఉండాలా, ఆధునిక వ్యవహారంలో రాయవచ్చా అన్న అంశం చుట్టూ తిరిగింది. సాహిత్యచరిత్రకారులు దీనిని శైలీవివాదంగా చూశారు. పరీక్షల చరిత్ర వైపు నుంచి చూస్తే అది ప్రవేశార్హతకు సంబంధించిన వివాదం. ఇంట్లో, పొలంలో, అంగట్లో వాడని భాషలో జవాబు రాయాలంటే ఆ భాషను చెప్పే పండితుడు కావాలి, పండితుడు దొరికే చోటికి పోవాలి. పుస్తకంతో ఒంటరిగా కూర్చొనే విద్యార్థికి పాఠ్యభాషే గురువు. ఆ గురువు మాట అర్థం కాకపోతే అడగడానికి మరొకరు లేరు. గిడుగు తన వాదాన్ని తన పట్టా అనుభవంతో ముడిపెట్టి చెప్పాడని నేను అనడం లేదు. రెండూ ఒకే జీవితంలో ఉన్నాయని మాత్రం మరవరాదు.

పెనుగంచిప్రోలు అక్కాతమ్ముళ్ళు

పాత కృష్ణా జిల్లా నుంచే మరో ఉదాహరణ ఉంది. పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, అక్క భండారు అచ్చమాంబ అండన నాగపూరులో చదువుకొన్నాడు. 1900లో బి.ఎ. అయి, మునగాల రాజా నాయని వేంకటరంగారావు సంస్థానంలో ఉద్యోగానికి కుదిరాడు. ఉద్యోగం చేస్తూనే కలకత్తా విశ్వవిద్యాలయ ఎం.ఎ. పరీక్షకు ప్రైవేటుగా చదివి 1902లో ఉత్తీర్ణుడయ్యాడు. నాలుగేళ్ళ తరువాత, 1906లో, విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు మూలపురుషుడయ్యాడు. చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి విషయాలను కళాశాల గడప తొక్కని తెలుగు చదువరికి అందించడం ఆ మండలి పని. ఉద్యోగబాధ్యతల నడుమ సొంతంగా చదివి ఎం.ఎ. అయినవాడే, సొంతంగా చదువుకొనే పాఠకుడికి కావలసిన పుస్తకాలు ఎలా ఉండాలో ఆలోచించాడన్నది యాదృచ్ఛికం కాదనుకొంటాను.

ఆయన అక్క సంగతి ఇంకా ముఖ్యం. 1874లో పుట్టిన అచ్చమాంబ బడికి పోలేదు. ఇంట్లో తమ్ముడు చదువుకొంటూ ఉండగా పక్కన కూర్చొని తెలుగు, హిందీ నేర్చింది. తరువాత మరాఠీ, గుజరాతీ, బెంగాలీలు పరిచయం చేసుకొంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కోసం ఆమె చేసిన పఠనం ఆనాటి ఏ చరిత్ర విద్యార్థి చదువుకూ తీసిపోదు. అదే ఇల్లు, అవే పుస్తకాలు, అదే ఒంటరి అధ్యయనం. ఒకరికి విశ్వవిద్యాలయ పట్టా దక్కింది. మరొకరికి పరీక్ష కట్టాలన్న ఆలోచనే వచ్చి ఉంటుందా అన్నది సందేహం. 1905లో ముప్ఫై దాటీ దాటకుండానే ఆమె కన్నుమూసింది. స్వయంఅధ్యయన చరిత్రను పట్టాల జాబితా మీద మాత్రమే నిర్మిస్తే ఈ చరిత్రలో అచ్చమాంబకు చోటుండదు. అందుకే చదువునూ పట్టానూ వేర్వేరుగా లెక్కించవలసి వస్తుంది.

1904: ధ్రువపత్రం వచ్చి పడడం

కర్జను కాలపు భారత విశ్వవిద్యాలయాల చట్టం 1904లో వచ్చింది. మెట్రిక్యులేషను తప్ప మరే విశ్వవిద్యాలయ పరీక్షకైనా, నిర్ణీత పాఠ్యక్రమాన్ని అనుబంధ కళాశాలలో పూర్తి చేశానన్న ధ్రువపత్రం చూపితే తప్ప అభ్యర్థిని అనుమతించరాదని ఆ చట్టం శాసించింది. సిండికేటు సిఫార్సు మీద సెనేటు ప్రత్యేకంగా అనుమతిస్తే మినహాయింపు ఉంటుంది. కళాశాల ప్రమాణాలను పెంచడం, పరీక్షల కోసం బట్టీ పట్టించే సంస్థలను అరికట్టడం ప్రభుత్వం చెప్పిన లక్ష్యాలు. ఆ లక్ష్యాలలో నిజాయితీ లేదని తోసిపుచ్చలేం. జాతీయవాదులు ఈ చట్టాన్ని విశ్వవిద్యాలయాలపై ప్రభుత్వ పెత్తనంగా విమర్శించారు. ఆ విమర్శ చరిత్రగ్రంథాల్లో విస్తారంగా నమోదైంది. ప్రైవేటు అభ్యర్థి నష్టం గురించి మాత్రం ఎవరూ పెద్దగా గొంతెత్తినట్టు కనబడదు. అతనికి సంఘం లేదు, హాస్టలు లేదు, సమ్మె చేయడానికి తరగతి లేదు.

గమనించవలసిన విషయం ఆ ‘తప్ప’లలో ఉంది. తలుపు పూర్తిగా మూయలేదు. తెరిచే తాళంచెవి మాత్రం అభ్యర్థి చేతిలోంచి సెనేటు చేతికి మారింది. ఆ తరువాత దేశంలోని చాలా విశ్వవిద్యాలయాలు పనిచేస్తున్న ఉపాధ్యాయులకూ స్త్రీలకూ ప్రైవేటు అనుమతి ఇచ్చాయి. ఉపాధ్యాయుడికి సేవాకాలం అర్హత అయింది, స్త్రీకి కళాశాలకు పోలేని సామాజిక స్థితి అర్హత అయింది. తోట కావలి కాసే రైతుబిడ్డ ఏ మినహాయింపులోకీ రాలేదు. అతడు పేదవాడైనా ఉపాధ్యాయుడు కాడు, చదువుకు దూరమైనా స్త్రీ కాడు.

మెట్రిక్యులేషన్‌కు ధ్రువపత్రం అక్కరలేకపోవడం వల్ల ఆ ఒక్క పరీక్షా గ్రామీణులకు పెద్ద ద్వారమైంది. 1926లో బెజవాడ కేంద్రంగా మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం తరువాతి కాలంలో నిర్వహించిన ‘ఆంధ్రా మెట్రిక్’ పరీక్ష పేరు నేటికీ పాతతరంవారి నోట వినబడుతుంది.

పండిత పరీక్షల దారి

ప్రైవేటుగా కట్టే చదువులో అన్నింటికంటె తెలుగుదనం గల శాఖ ప్రాచ్యభాషా పరీక్షలది. మద్రాసు విశ్వవిద్యాలయపు విద్వాన్, ఆంధ్ర విశ్వవిద్యాలయపు భాషాప్రవీణ, ఉభయభాషాప్రవీణ ఇంగ్లీషు రాని, కళాశాలకు పోని పండితకుటుంబాల పిల్లలకు విశ్వవిద్యాలయ ముద్రను అందించాయి. చిట్టిగూడూరు, కొవ్వూరు వంటి చోట్ల ప్రాచ్య కళాశాలలు ఉన్నా, ఇంటివద్దనే పెద్దల దగ్గర కావ్యపాఠం చేసి పరీక్షకు కట్టినవారూ ఉండేవారు. ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండిత ఉద్యోగానికి ఈ పట్టాలు చెల్లుబాటయ్యాయి. జీతంలో, హోదాలో బి.ఎ., బి.ఎడ్. మాస్టరుకూ తెలుగు పండితుడికీ మధ్య తేడా కొనసాగిన మాట వాస్తవం. పండిత సంఘాలు దశాబ్దాలపాటు పోరాడింది ఆ తేడా మీదనే. పరీక్ష కఠినమైనదే అయినా, తరగతి లేని పట్టాను తక్కువగా చూసే అలవాటు అప్పటికే స్థిరపడింది.

నైజాం రాజ్యంలో 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగు పరీక్షలు నడిపింది. ఉర్దూ రాజ్యభాషగా ఉన్న చోట విశారద వంటి పరీక్షకు కూర్చోవడం భాషాభిమాన ప్రకటన కూడా. ఇక దక్షిణభారత హిందీ ప్రచార సభ 1918 నుంచి కట్టిన మెట్లవరుస, అంటే ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ, పల్లెటూళ్ళలోకి చొచ్చుకుపోయినంతగా మరే పరీక్షాపద్ధతీ పోలేదు. ఎక్కడ చదివావని ఆ సభ అడగదు. ఏ మెట్టు మీద ఉన్నావని మాత్రమే అడుగుతుంది. నేటి పరిభాషలో పరీక్ష ద్వారా క్రెడిట్ అంటున్నది ఇటువంటి ఏర్పాటునే. పంజాబులో ఈ ఆలోచన మరింత ముందుకు పోయింది. జ్ఞానీ, ప్రభాకర్ వంటి ప్రాచ్య పరీక్షలు గెలిచినవారు ఇంగ్లీషు పత్రాలు మాత్రం రాసి క్రమంగా బి.ఎ. దాకా చేరగల వెసులుబాటు ఉండేది. అక్కడివారు దానిని ‘భటిండా మీదుగా బి.ఎ.’ అని ఎగతాళి చేసేవారు. చుట్టుదారి మీద ఎగతాళి ఏ ప్రాంతంలోనూ తప్పలేదన్నమాట.

బెనారసు మెట్రిక్

స్త్రీల విషయంలో కథ వేరుగా నడిచింది. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి ఇంగ్లీషు చదువును బహిష్కరించి బడి మానింది. కాకినాడలో బాలికలకు హిందీ నేర్పింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలు చూసింది. విడుదలైన తరువాత, ఇరవై దాటిన వయసులో, తిరిగి చదువుకు కూర్చొన్నప్పుడు ఏ ఉన్నత పాఠశాలలో చేరగలదు? ఆమె ఎంచుకొన్నది కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను. ప్రైవేటుగా చదివి ఆ పరీక్ష గెలిచింది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ. ఆనర్సు చేయాలని వాల్తేరు వచ్చేసరికి, స్త్రీలకు వసతిగృహం లేదన్న కారణం ఎదురైంది. తనలాంటి విద్యార్థినులను కూడగట్టి వసతి ఏర్పరచుకొని మరీ చేరింది. 1939లో ఆనర్సు, 1942లో న్యాయశాస్త్ర పట్టా పొందింది.

ఇందులో వీరగాథ కంటె విలువైనది, ఆమె తన దారిని ఇతరులకు పరిచిన తీరు. 1937లో మద్రాసులో రూపుదిద్దుకొన్న ఆంధ్ర మహిళా సభ తొలినాటి పనులలో ఒకటి బెనారసు మెట్రిక్‌కు స్త్రీలను తయారు చేయడం. వితంతువులు, భర్త వదిలినవారు, బాల్యంలో చదువు ఆగినవారు బడికి పోయే వయసు దాటిపోయాక కాశీ పరీక్షకు కట్టారు. తెలుగునాట ‘బెనారసు మెట్రిక్’ అన్న మాటకు ఆ తరం స్త్రీల జీవితాల్లో ఒక ప్రత్యేకమైన బరువు ఉంది. స్వాతంత్ర్యానంతరం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలిగా దుర్గాబాయి ఉన్న కాలంలోనే, 1958లో, వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాలు ప్రారంభమయ్యాయి. ఏళ్ళ తరబడి చదువును రెండేళ్ళలో కుదించి మెట్రిక్‌కో తత్సమాన పరీక్షకో పంపడం ఆ పథకం. సొంతంగా చదివి గట్టెక్కిన మనిషే, సొంతంగా చదవడం మాత్రమే చాలదని గుర్తించింది. పుస్తకంతో పాటు తోడు కావాలి, పిల్లల్ని చూసుకొనేవారు కావాలి, పరీక్షాకేంద్రం దాకా వెళ్ళే ధైర్యం కావాలి.

ఇక్కడ గ్రంథాలయోద్యమాన్ని తలచుకోకుండా ముందుకు సాగలేం. 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయం, 1914లో అదే పట్టణంలో జరిగిన గ్రంథాలయ మహాసభ, అయ్యంకి వేంకటరమణయ్య వంటివారి కృషి కృష్ణామండలంలో పల్లెపల్లెకూ పఠనమందిరాన్ని తెచ్చే ప్రయత్నం చేశాయి. ఈ ఉద్యమాన్ని జాతీయోద్యమంలో భాగంగా అధ్యయనం చేసినంతగా, ప్రైవేటు అభ్యర్థికి అది ఇచ్చిన చేయూతను అధ్యయనం చేయలేదు.

1982: మినహాయింపు నియమమైన వేళ

1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్సు చదువును ప్రారంభించింది. పదేళ్ళకు ఆంధ్ర విశ్వవిద్యాలయమూ ఆ బాట పట్టింది. తపాలాలో పాఠాలు వస్తాయి, ఏడాది చివర పరీక్ష ఉంటుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో తేవడం, విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణాల్లో గైడ్లు విరివిగా దొరకడం, ఈ రెండూ కలిసి ఇంటిచదువును మునుపటికంటె సాధ్యం చేశాయి. గైడ్లను పండితలోకం ఈసడిస్తుంది. ముసునూరులో కూర్చొని ఆర్థికశాస్త్రం చదివే వ్యక్తికి అధ్యాపకుడి స్థానంలో దొరికింది అదొక్కటేనన్నది ఆ ఈసడింపులో మరుగున పడుతుంది.

1982 ఆగస్టు 26న హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం రావడానికి ఇంకా మూడేళ్ళుంది. రాజనీతిశాస్త్రాచార్యుడు జి. రాంరెడ్డి తొలి ఉపకులపతి. 1985లో జాతీయ విశ్వవిద్యాలయానికీ ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో ఈ సంస్థకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తెలుగు మాధ్యమంలో ముద్రిత పాఠాలు, ఆకాశవాణి ప్రసారాలు, స్థానిక కళాశాలల్లో నెలకొల్పిన అధ్యయన కేంద్రాల్లో సెలవురోజు తరగతులు దాని పద్ధతి. అయితే చరిత్ర దృష్ట్యా విప్లవాత్మకమైన అంశం వేరే ఉంది. పద్ధెనిమిదేళ్ళు నిండిన ఎవరైనా, ఏ పాఠశాల ధ్రువపత్రం లేకున్నా, అర్హతాపరీక్ష గెలిస్తే డిగ్రీలో చేరే వీలు కలిగింది. 1904 చట్టం ఉపాధ్యాయుడా, స్త్రీయా, ఎవరు సిఫార్సు చేశారని అడిగే వ్యవస్థను స్థాపించింది. 1982 చట్టం ఆ ప్రశ్నలను తీసివేసింది. తోట కావలి కాసేవాడికి తొలిసారిగా ఎవరి మినహాయింపూ అవసరం లేకపోయింది.

గిడుగు వాదం కూడా ఇక్కడ నిశ్శబ్దంగా నెగ్గింది. సార్వత్రిక పాఠాలు విద్యార్థిని నేరుగా సంబోధిస్తూ వాడుకభాషకు దగ్గరగా సాగాయి. ఒంటరి పాఠకుడి కోసం రాసే వచనం అలాగే ఉండక తప్పదు.

ఒక్క సిట్టింగు, మూడేళ్ళు

సొంతంగా చదివినవాడు మూడేళ్ళ పత్రాలనూ ఒకేసారి ఎందుకు రాయకూడదన్న ప్రశ్న సహజమైనది. ‘ఒన్ సిట్టింగ్ డిగ్రీ’ అన్న మాట మన ప్రాంతంలో ఒకప్పుడు ఎంత ప్రచారంలో ఉండేదో ఈ తరం అధ్యాపకులకు గుర్తుండే ఉంటుంది. దూరవిద్య ద్వారా ఇచ్చే తొలి డిగ్రీకి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1985లో కనీస ప్రమాణాల నిబంధనలు తెచ్చింది. పన్నెండేళ్ళ పాఠశాల చదువు లేనివారికి ప్రవేశపరీక్ష తప్పనిసరి చేసింది. మూడేళ్ళ పాఠ్యక్రమం పూర్తి చేస్తేనే పట్టా అన్నది. అంటే తరగతి గది హాజరును వదులుకొన్న రాజ్యం కాలం హాజరును పట్టుకొంది. మనిషి ఎక్కడున్నాడన్నది అప్రధానమైంది, ఎంతకాలం నమోదై ఉన్నాడన్నది ప్రధానమైంది.

అమెరికాలో ఇదే ప్రశ్నకు భిన్నమైన సమాధానం దొరికింది. 1967లో మొదలైన కళాశాల స్థాయి పరీక్షా కార్యక్రమంలో ఒక విషయంలో పరీక్ష గెలిస్తే ఆ విషయపు క్రెడిట్ పొందవచ్చు, దానిని అంగీకరించే కళాశాలలు ఉన్నాయి. 1970ల ఆరంభంలో న్యూయార్కు రాష్ట్రపు బాహ్య డిగ్రీ, న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ కళాశాల అటువంటి క్రెడిట్లను కూర్చి పట్టా ఇచ్చే సంస్థలుగా ఏర్పడ్డాయి. అక్కడ కొలిచేది నేర్చినదాన్ని. కాలం ప్రసక్తి వెనక్కి పోయింది.

మన దగ్గర నిబంధన కాగితం మీదనే ఉండిపోలేదు. తొలి డిగ్రీ లేకుండానే సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన ఎం.ఎ. చెల్లదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1985 నిబంధనలకు తప్పనిసరిగా కట్టుబడాలని స్పష్టం చేసింది. న్యాయతర్కం అర్థమవుతుంది. విశ్వవిద్యాలయాలు రుసుముల కోసం పట్టాలు అమ్మిన చరిత్రా మనకు తెలుసు. అయితే ఇటువంటి తీర్పుల భారం విశ్వవిద్యాలయం మీద కంటె అభ్యర్థి మీద ఎక్కువ పడుతుంది. సంస్థ ప్రకటన చూసి కట్టినవాడు, పరీక్ష రాసి గెలిచినవాడు, పదోన్నతి వేళ పట్టా చెల్లదని తెలుసుకొంటాడు. 1904లోలాగే ఇప్పుడూ అతనికి సంఘం లేదు.

తెలుగులో ‘పట్టా’ రెండింటికీ ఒకటే మాట కావడం ఇక్కడ గుర్తుకు వస్తుంది. 1948 ఎస్టేటుల రద్దు చట్టం తరువాత ఈ జమీందారీ గ్రామాల్లో రైతులకు రైత్వారీ పట్టాలు వచ్చాయి. భూమి విషయంలో రాజ్యం అడిగిన ప్రధానమైన ప్రశ్న, నేల ఎవరి సాగులో ఉందన్నది. చదువు విషయంలో అటువంటి ప్రశ్న ఇంకా సూటిగా అడగలేదు.

ట్రంకు పెట్టెల్లోని ఆధారాలు

ఈ చరిత్రకు కావలసిన సామగ్రి విశ్వవిద్యాలయ పురావస్తు విభాగాల్లో కొంత, ఇళ్ళలో ఎక్కువ ఉంది. హాల్ టికెట్లు, మార్కుల జాబితాలు, రుసుము మనియార్డరు రసీదులు, రేడియో పాఠాల నోట్సులు, తపాలా ముద్రతో వచ్చిన పాఠ్యభాగాలు. నూజివీడు, ముసునూరు ప్రాంతాల్లో 1950–90 మధ్య ప్రైవేటుగా కట్టిన ఉపాధ్యాయులను, గృహిణులను, పండితులను మౌఖిక చరిత్ర పద్ధతిలో పలకరించే పరిశోధకుడికి విలువైన సిద్ధాంతవ్యాసం సిద్ధంగా ఉంది. జాప్యం చేస్తే మాత్రం దొరకదు. గెలిచినవారి కథలతోపాటు, మూడు దండయాత్రలు చేసి మానుకొన్నవారిని కూడా అడగాలి. ఫలితాల పట్టికలో వారు కనిపించరు.

నూజివీడు ఇప్పుడు చదువుల ఊరు. 2008లో వచ్చిన సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం పదో తరగతి తరువాత గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ళపాటు తన ఆవరణలో ఉంచుకొని చదివిస్తుంది. కళాశాల లేకపోవడం అన్న పాత కారణం తొలగిపోయింది. ఉద్యోగం, పెళ్ళి, తోట అన్న కారణాలు తొలగలేదు. 2021లో వచ్చిన అకడమిక్ క్రెడిట్ బ్యాంకు నిబంధనలు ఒకచోట సంపాదించిన క్రెడిట్‌ను మరొకచోట చెల్లించుకొనే వీలు కల్పించాయి. స్వయం వేదికలో ఇంటివద్ద చదివి, పర్యవేక్షణలో పరీక్ష రాసి తెచ్చుకొన్న క్రెడిట్లకు 2016లో ఇరవై శాతం వరకూ, 2021లో నలభై శాతం వరకూ గుర్తింపు లభించింది. మిగిలిన అరవై శాతానికి ముసునూరు విద్యార్థి నూజివీడు బస్సు ఎక్కవలసిందే, లేదా ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకొని మూడేళ్ళు గడపవలసిందే.